గేటు తీసిందెవరు

రైలు గేటు దగ్గర మనిషి చచ్చిపోతే తప్పెవరిదని ఊరు అడుగుతుంది. కోర్టు మొదట అడిగేది వేరు. తప్పెవరిదో రుజువు చెయ్యాల్సిన పని ఎవరి నెత్తిన ఉందని చూస్తుంది. ఈ రెండూ ఒకటేనని అనుకునేవాళ్లు నల్లకోటు కుట్టించుకునే ముందు నా మాట కాస్త వినండి. నెల్లూరు కోర్టుల్లో ప్లీడరుగా వయసంతా గడిపినవాణ్ణి. నాకు వచ్చిన పేరు గురించీ, సన్మానాల గురించీ ఇక్కడ రాయను. అవి మీకెందుకూ పనికిరావు. వచ్చినప్పుడు నాకూ పెద్దగా పనికిరాలేదు.

నేను పంతొమ్మిదివందల యాభైల చివర్లో పనిలో చేరాను. అప్పట్లో సూళ్లూరుపేట, తడ చుట్టుపక్కల కార్లు తక్కువ, ఎద్దుబండ్లు ఎక్కువ. పట్టాలకు తూర్పున పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఊళ్లవాళ్లు సంతకు రావాలన్నా, ఆస్పత్రికి రావాలన్నా, చివరికి రైలెక్కాలన్నా ఆ పట్టాలు దాటే రావాలి. ఏటా ఎవరో ఒకరు అక్కడ పోతూనే ఉండేవాళ్లు. వాళ్ల పెళ్లాలూ పిల్లలూ మా ఆఫీసు అరుగు మీద వచ్చి కూర్చునేవాళ్లు.

రెండు రకాల గేట్లు

మనిషి కాపలా లేని గేటు ఒకటి. అక్కడ ఆగి, రెండువైపులా చూసి, చెవి పెట్టి విని దాటుకోవాల్సింది బండివాడే. రైలు కూత వెయ్యలేదని గానీ, కంపచెట్లు అడ్డుగా పెరిగి పట్టాలు కనబడలేదని గానీ మనమే రుజువు చెయ్యాలి. నాయుడుపేట వైపు ఒక రైతు అలాంటి చోటే వడ్లబండితో సహా పోయాడు. రైలు కూత వెయ్యలేదని అతని కొడుకు బోనులో ఏడుస్తూ చెప్పాడు. రైల్వే ప్లీడరు లేచి చాలా మెత్తగా, "అప్పుడు నువ్వెక్కడున్నావు నాయనా?" అని అడిగాడు. "ఇంట్లో ఉండినా" అన్నాడు ఆ పిల్లవాడు. ఇంకేముంది, దావా అక్కడే కూలిపోయింది.

మనిషి కాపలా ఉన్న గేటు సంగతి వేరు. అది తెరిచి ఉందంటే రండి, భయం లేదు అని రైల్వే పిలిచినట్టే లెక్క. అలా పిలిచిన చోట రైలొచ్చి గుద్దితే, ఎందుకు తెరిచి ఉందో రైల్వేవాళ్లే సంజాయిషీ చెప్పుకోవాలి. వినడానికి బాగానే ఉంటుంది. అయితే తెరిచి ఉందని ముందుగా చూపించాల్సింది మళ్లీ పోయినవాళ్ల మనుషులే. కళ్లారా చూసినవాళ్లు చచ్చిపోయి ఉంటారాయె!

మా సీనియరు

నేను జూనియరుగా చేరింది ఈ కేసుల్లో దిట్ట అనిపించుకున్న ఒక పెద్ద ప్లీడరు దగ్గర. మనిషి పొట్టి, గొంతు పెద్దది. బీదవాళ్ల దగ్గర ఫీజు అడిగేవాడు కాదు, పైగా మధ్యాహ్నం భోజనం పెట్టించి పంపేవాడు. ఇంగ్లీషులో ఆయన వాదిస్తుంటే జడ్జీలు కలం కింద పెట్టి వినేవాళ్లు. ఆయన మీద నాకున్న గౌరవంలో ఇప్పటికీ పిసరంత కూడా తగ్గలేదు. తగ్గలేదు గనకనే ఆయన చేసిన తప్పు రాస్తున్నాను. చేతగానివాళ్ల తప్పుల నుంచి నేర్చుకునేదేమీ ఉండదు.

ఆయన ప్రమాదం జరిగిన చోటికి ఎన్నడూ వెళ్లేవాడు కాదు. "అక్కడికి పోతే మనసు పాడవుతుందయ్యా. మనసు పాడైతే వాదన పాడవుతుంది" అనేవాడు. రుజువు భారం అన్న మాట ఆయనకు ప్రాణం. ఆ భారాన్ని అవతలివాడి భుజానికి ఎలా మార్చాలా అన్నదే ఆయన రోజంతా ఆలోచించేది.

మునెమ్మ

అరవైలు మొదలైన కొత్తలో మునెమ్మ మా ఆఫీసుకు వచ్చింది. పులికాట్ సరస్సు ఒడ్డున ఒక చేపలు పట్టేవాళ్ల ఊరు ఆమెది. మొగుడు చెంచయ్యకు ఎద్దుబండి ఉండేది. తెల్లవారగానే ఊరివాళ్ల వలల్లో పడిన చేపలు, రొయ్యలు గంపలకెత్తుకుని సూళ్లూరుపేట సంతకు తోలుకెళ్లేవాడు. అమ్ముకునే ఆడవాళ్లు కూడా అదే బండెక్కి వెళ్లేవాళ్లు. ఒకరోజు ఉదయం దారిలో ఉన్న రైలు గేటు దగ్గర ఎక్స్‌ప్రెస్ వచ్చి బండిని గుద్దేసింది. చెంచయ్య, బండిలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు అక్కడికక్కడే పోయారు. ఆ ఇద్దరిలో ఒకామె ఊరిపెద్ద ఏకాంబరం భార్య.

అది కాపలా ఉన్న గేటే. తలుపుల్లా మూసే పాత ఇనప గేట్లు, వాటికో గొలుసు. తాళం ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తులేదు. గేట్‌మ్యాన్ అటూఇటూ పోయినప్పుడు బండివాళ్లు తామే గొలుసు తీసి దాటి, మళ్లీ తగిలించి పోవడం ఆ దారిలో మామూలే. ఈ ముక్క మునెమ్మే దాచకుండా చెప్పింది.

"మా ఆయన గూడా అప్పుడప్పుడు తీసేవాడు సామీ. ఆ దినం ఆయనే తీసినాడో, గేటాయన తీసిపెట్టినాడో నాకు తెలియాల."

"అది మాకు వదిలెయ్యమ్మా. నీకు పరిహారం వచ్చేట్టు నేను చూస్తాగా" అన్నాడు మా సీనియరు.

"పరిహారం మాట తర్వాత సామీ. మాకు పాడు ఆపేసినారు."

పాడు అంటే ఏమిటో మా సీనియరుకు తెలియదు. నాకూ అప్పటికి తెలియదు, ఆమే చెప్పింది. ఆ సరస్సులో ఎవరికి తోచిన చోట వాళ్లు వల వెయ్యడానికి లేదు. చేపలు పడే తావులను ఊరంతా కలిసి పంచుకుంటారు. చీట్లు వేసి, ఏ ఇంటికి ఏ తావు, ఏ రోజు అని వంతులు తీస్తారు. ఆ వంతునే పాడు అంటారు. పాడు లేని ఇంటివాళ్లు ఆ నీళ్లలో వల తడపకూడదు. చెంచయ్య తమ్ముడు, అంటే మునెమ్మ మరిది, వల వేస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఇద్దరు ఆడవాళ్లను చంపినవాడి ఇల్లని ఊరు ఆ ఇంటి వంతు ఆపేసింది.

"గేటు రైలోళ్లు తీసిపెట్టిందని కోర్టులో తేలితే మా వంతు మాకిస్తానని ఏకాంబరం మామ అందరి ముందరా మాటిచ్చినాడు. అందుకే సామీ మీకాడికొచ్చింది" అంది మునెమ్మ.

ఆ మాట మా సీనియరు విన్నాడు. విన్నాడు గానీ చెవికెక్కించుకోలేదు. దావా మాత్రం గడువులోపలే వేశాడు. మిగిలిన రెండు కుటుంబాలు తప్పు చెంచయ్యదేనని నమ్మి అసలు కోర్టు గడపే తొక్కలేదు. వాళ్లకు గడువు దాటిపోయింది.

మూసి ఉన్న గేటు

రైల్వే జవాబు వచ్చింది. గేటు మూసే ఉందనీ, చెంచయ్య గొలుసు తీసుకుని పట్టాల మీదికి బండి తోలాడనీ, గేట్‌మ్యాన్ అరిచినా ఆగలేదనీ రాశారు. దానికి తోడు పోలీసుల పంచనామా. వాళ్లు వచ్చేసరికి రెండువైపులా గేటు మూసి, గొలుసు తగిలించి ఉందట.

మా సీనియరు ఆ కాగితం చూసి మునెమ్మ మీద మండిపడ్డాడు. "గేటు మూసి ఉందని పోలీసులే రాశారు కదమ్మా! ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"మూసుంటే బండెట్ట పొయ్యింది సామీ లోపలికి?" అంది ఆమె.

ఆయన వద్దంటున్నా నేను ఆ ఊరు వెళ్లాను. ఏకాంబరం రేవులో కూర్చుని చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. గంభీరమైన మనిషి, మాట తక్కువ. నన్ను చూసి లేచి, గోనెపట్టా దులిపి పరిచాడు. కూర్చున్నాక అడిగాను.

"గేటు దగ్గరికి ముందు వెళ్లింది ఎవరు ఏకాంబరం?"

"నేనే సామీ. ఎనకాల బండిలో వస్తా ఉండినా. సద్దు విని పరిగెత్తినా."

"నువ్వు వెళ్లేసరికి గేటు మూసి ఉందా, తీసి ఉందా?"

"తీసే ఉండింది. రెండుపక్కలా. నేనే మూసినా."

"నువ్వు మూశావా? ఎందుకయ్యా మూశావు?"

నేనేదో పిచ్చిప్రశ్న అడిగినట్టు చూశాడు. "చెడ్డచావు చచ్చినోళ్ల నెత్తురు దాటకూడదు గదా సామీ. ఆడోళ్లొచ్చి పసుపునీళ్లు చల్లిందాకా దారి మూసెయ్యాల. పడవలో పోతే రేవు మూస్తాం. ఆడ దారి మూసేదానికి గేటుండె, మూసినా."

పోలీసులు గేటు మూసి ఉందని రాసుకున్నారు గానీ ఎవరు మూశారని అడగలేదు. వీళ్లూ చెప్పలేదు. శవాన్ని పక్కకు తీసి గుడ్డ కప్పినంత మామూలు పని అది వాళ్లకు. ఎవరైనా పనిగట్టుకుని పోలీసులకు చెప్పుకుంటారా దాన్ని? ఆ ఊరి ఆచారం తెలియని కోర్టులో మాత్రం ఆ మూసిన గేటు చెంచయ్య మెడకు చుట్టుకుంది. మూసింది పెళ్లాన్ని పోగొట్టుకున్న మనిషి.

"మరి అంతకుముందు గేటు తీసిందెవరు?"

"నేను చూళ్లేదు. గేటాయనకి తెలుసు. నేను పొయ్యేసరికి ఆయన పట్టాల పక్కన తలకాయ పట్టుకుని కూలబడి ఉండినాడు. ఆయన చెప్పాల."

"నువ్వు చూసింది కోర్టులో చెప్తావా?"

"చూసింది చెప్పేదానికేముంది సామీ? మునెమ్మ మీద నాకు పగలేదు. చెంచయ్య తీసుంటే నా పెండ్లాన్ని వాడే చంపినట్టు. తియ్యలేదంటే నేనే పిలిచి వంతిస్తా. ఏదో ఒకటి తేలనియ్."

గేట్‌మ్యాన్

అన్నమాట ప్రకారం ఏకాంబరం బోనెక్కాడు. నెత్తురు దాటకూడదని తానే గేటు మూసినట్టు చెప్పాడు. రైల్వే ప్లీడరు ఎన్ని మెలికలు తిప్పినా అదే మాట. చివరికి ఆయన, "అంతకుముందు గేటు తీసిందెవరో నువ్వు చూశావా?" అని అడిగాడు. "లేదు" అన్నాడు ఏకాంబరం. అంతటితో ముగిసింది.

మా సీనియరు ఆ సాయంత్రం చిన్నపిల్లాడిలా గంతులేశాడు. పంచనామా పనికిరాకుండా పోయింది. గేటు తెరిచి ఉందని తేలిపోయింది గనక సంజాయిషీ భారం రైల్వే మీద పడింది. ఎవరు తీశారో చెప్పగల మనిషి వాళ్ల గేట్‌మ్యాన్ ఒక్కడే. అతన్ని వాళ్లు బోనెక్కించడం లేదు. తమ చేతిలో ఉన్న సాక్షిని దాచారంటే, అతను వస్తే తమకే నష్టమని కోర్టు అనుకోవచ్చు. చట్టంలో ఉన్న మాటే అది.

ఆ వారంలోనే మునెమ్మ మళ్లీ వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"గేటాయన్ని చూసొచ్చినా సామీ. గూడూరు దాటినాక ఇంకో గేటుకి మార్చినారంట. ఇంటికి పొయ్యి కాళ్లు పట్టుకున్నా. నువ్వు తీసిపెట్టినావా, మా ఆయన తీసినాడా, ఒక్క మాట చెప్పు తండ్రీ అన్నా."

"ఏమన్నాడు?" అన్నాడు మా సీనియరు.

"కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇంటికాడ చెప్తే నా ఉద్యోగం పోద్ది, కోర్టోళ్లు పిలిచి అడిగితే దాచను, పిలిపించుకో అన్నాడు. పిలిపించండి సామీ."

"పిలిపించను" అన్నాడు మా సీనియరు. "అతను బోనెక్కి, గేటు నేను మూసే ఉంచాను, చెంచయ్యే తీశాడు అంటే మన పని గోవిందా."

"నిజమే చెప్తానన్నాడు సామీ."

"నిజం ఏమిటో నీకు తెలుసా అమ్మా?"

"తెలవదు సామీ. తెలుసుకునేదానికే గదా వొచ్చింది."

నేను ఆగలేకపోయాను. "సార్, సమన్లు మనమే ఇప్పిద్దాం. ఆమెకు కావాల్సింది ఆ మాటే."

"నువ్వు కూర్చోవయ్యా! ఆ మాట తింటే కడుపు నిండుతుందా? ఆమె పిల్లలు తినడానికి నేను తీర్పు తెప్పిస్తాను. అతను రాకపోవడమే మన బలం. కాళ్లకు అడ్డం పడకు."

ఆయనకు ఆమె మీద జాలి లేదని నేను అనను. జాలి ఉంది గనకనే గెలిచి తీరాలనుకున్నాడు. కానీ చూడండి, అక్కడ ఎంత వింత జరిగిందో! అతను నోరు విప్పితే ఓడిపోతామేమోనని రైల్వే ప్లీడరు భయపడ్డాడు. అదే భయం మా సీనియరుది. చదువుకున్న ఇద్దరు పెద్దమనుషులు కలిసి, చెప్తానని ముందుకొచ్చిన ఒక మనిషి నోరు మూయించారు. ఆ కేసులో నిజమంటే భయపడనిది మునెమ్మ ఒక్కతే. అది తన మొగుడికి ఎదురు తిరిగినా సరే, ఆమెకు కావాలి.

మీలో ఎవరైనా ఈ పనిలోకి వస్తుంటే, కక్షిదారు ఏం కావాలని వచ్చిందో మొదటిరోజే అడగండి. అడిగి ఊరుకోకండి, గుర్తుపెట్టుకోండి. మీకు గెలవడం అలవాటయ్యేకొద్దీ ఆ సంగతి మర్చిపోవడం తేలికవుతుంది.

తీర్పు

గెలిచాం. రైల్వేవాళ్లు పైకోర్టుకు కూడా వెళ్లలేదు. మా సీనియరు ఆఫీసులో అందరికీ మైసూరుపాకు పంచాడు. మునెమ్మ తన ముక్కను కొంగున ముడేసుకుని నిలబడింది.

"ఇంక ఆ గేటాయన్ని పిలవరా సామీ?"

"అవసరమే లేదమ్మా! గెలిచాం!"

"మీకు లేదు" అని, నా వైపు తిరిగింది. "మా ఊరొచ్చి మామకి చదివి చెప్పండి సామీ. నేను చెప్తే నమ్మరు."

చీట్లు వేసే రోజున వెళ్లాను. ఊరి మగవాళ్లంతా రేవులో చేరి ఉన్నారు. మునెమ్మ, ఆమె మరిది అందరికీ దూరంగా నిలబడ్డారు. మరిది వల కూడా భుజాన వేసుకుని వచ్చాడు. అంత ఆశ పెట్టుకుని వచ్చినవాణ్ణి చూడలేక నేను తల తిప్పుకున్నాను. తీర్పులోని అసలు ముక్కను తెలుగు చేసి గట్టిగా చదివాను. చెంచయ్య గేటు తీశాడని రైల్వే రుజువు చెయ్యలేకపోయింది, కాబట్టి బాధ్యత రైల్వేదే.

ఏకాంబరం శ్రద్ధగా విన్నాడు. "అంటే చెంచయ్య తియ్యలేదనా సామీ?"

"తీశాడని వాళ్లు రుజువు చెయ్యలేకపోయారు."

"అది రైలోళ్ల సంగతి. నేనడిగేది తీసినాడా, లేదా?"

నేను అబద్ధమాడి ఉండవచ్చు. తియ్యలేదని రాశారు అంటే ఆ ఊళ్లో నన్ను కాదనేవాడు లేడు. కానీ ఏకాంబరం బోనులో నిలబడి తను చూసిందే చెప్పి, చూడనిది చూళ్లేదన్న మనిషి. ఆయన మొహంలోకి చూస్తూ అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"అది కోర్టు తేల్చలేదు ఏకాంబరం."

"గేటాయన వొచ్చినాడా?"

"రాలేదు. పిలవలేదు."

"ఎవురూ పిలవలేదా? మీరు గూడానా?"

"మేం కూడా పిలవలేదు."

ఏకాంబరం మునెమ్మవైపు తిరిగి, "తేలితే ఇస్తానన్నా తల్లీ. తేల్లేదు. నేనేం చేసేది?" అన్నాడు. వంతు ఇవ్వలేకపోయినందుకు ఆయనకూ బాధే. కానీ ఊరంతా కూర్చుని ఉంది. ఆ బండిలో పోయిన రెండో ఆమె కొడుకు అక్కడే ఉన్నాడు. చీట్లు తీశారు. ఒక్కో ఇంటిపేరూ పిలిచారు. చెంచయ్య ఇంటిపేరు పిలవలేదు.

మరిది వల కింద పడేసి వెళ్లిపోయాడు. మరుసటి నెలలో మద్రాసు హార్బరులో మూటలు మోసే పనికి చేరాడని తర్వాత విన్నాను. మునెమ్మ మాత్రం రేవు చివరిదాకా నా వెంట వచ్చింది. పరిహారం చేతికి రావడానికి ఏ రోజు కోర్టుకు రావాలో చెప్పబోయాను. ఆమె వినలేదు.

"నాకొకటి చెప్పండి సామీ. వాళ్లు రుజువు చెయ్యలేకపొయ్యినారు. నేనూ చెయ్యలేకపొయ్యినా. గేటాయన ఇంకో గేటుకాడ ఉద్యోగంలోనే ఉండాడు, రైలు పోతానే ఉంది, ప్లీడర్లు మీ ఇద్దురూ బాగుండారు. వల తడుపుకునే నీళ్లు పొయ్యింది నాకొక్కదానికే గదా?"